కాజేసిన కోటు

మా మేనత్త జీవితమంతా మంచి బట్టకి చిల్లులు పెట్టి బతికింది. ఇది నా వెటకారం కాదు, ఆవిడ మాటే. ఏం పని చేస్తారండీ అని ఎవరైనా అడిగితే, కొత్త కోటుకి చిల్లు పెట్టి ఆ చిల్లు చుట్టూ దారంతో కుడతాను, అందుకు నన్ను పిలిచి మరీ జీతం ఇస్తున్నారు అనేది. గుండీ పట్టే ఆ చిల్లునే కాజా అంటారు. చొక్కాల కాజాలకి మిషన్లు వచ్చేశాయి కాని, కోటు కాజా చేత్తోనే వేయాలని మా షాపు పెద్దాయన పట్టుదల. ఆ పట్టుదల పుణ్యమా అని మా అత్త ఉద్యోగం నిలబడింది. దాంతో పాటే కాస్త పొగరు కూడా.

ఆ షాపులో నాకు మిషను మీద పని ఇప్పించింది కూడా ఆవిడే. రోడ్డు వైపు అద్దాల కౌంటరు, దాని వెనక పని హాలు. హాలు మూలన చెక్క మెట్లు, ఆ మెట్లెక్కితే మేనేజరు గది. హాల్లో పొడుగు బల్లలు, సుద్దపొడి, ఒక పక్క ఇస్త్రీ ఆవిరి. తడి ఉన్ని మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు ఒక వాసన వస్తుంది చూడండి, అది ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నా మెడ దానంతటదే అటు తిరుగుతుంది. సందులోకి తెరుచుకునే కిటికీ దగ్గర అత్త స్టూలు. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి టోపీ, పళ్ళ మధ్య సూది, ఒళ్ళో ఎవరిదో కోటు. దారాన్ని మైనం ముద్ద మీద లాగితే సన్నగా ఒక చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినపడుతోందంటే హాల్లో అంతా సవ్యంగా ఉన్నట్టే మాకు.

ఆవిడకి ఎదురు బల్ల కత్తెర మాస్టారిది. బట్ట కత్తిరించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు, మాట కత్తిరించడంలోనూ లేరు. వీళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎందుకు లేవో చెప్పాలంటే అత్త పనిలో చేరిన రోజుకి వెళ్ళాలి.

ఆ రోజు ఆవిడ కొత్త. పైగా మావయ్య పోయి ఎన్నాళ్ళో కాలేదు. భయంతో తలెత్తకుండా పనిచేసి, తన ముందు పోసిన కోట్లన్నీ టీ వేళకే పూర్తి చేసి, ఇంకేమన్నా ఉన్నాయా అన్నట్టు చుట్టూ చూసిందట. అప్పుడు మాస్టారు కత్తెర ఆపి, అందరూ వినేలా, వచ్చిన రోజే అన్నీ కాజేసిందర్రా ఈవిడ, అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. కాజా వేయడాన్ని కాజేయడం చేశాడు మహానుభావుడు. అత్త చెవులు ఎర్రబడిపోయాయి. పరాయి ఇంటి సూది కూడా ముట్టని మనిషిని పట్టుకుని మొదటి రోజే దొంగతనం అంటగట్టాడని ఆవిడ ఉక్రోషం. వేళాకోళం కూడా తెలియని మనిషని ఆయన చిరాకు. ఆ రోజు నుంచి ఆయన ఉప్పు, ఈవిడ నిప్పు.

కాని మాటకి మనుషుల కోపతాపాలతో పనేముంది? అది హాల్లో స్థిరపడిపోయింది. "ఆ చొక్కాలు కాజేశావా?" "ఇంకా లేదు, గుండీలు రానీ, అప్పుడు కాజేస్తా." అందరి నోటా అదే. కొన్నాళ్ళకి అందులో ఎకసెక్కం ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. చివరికి మా అత్త కూడా అదే అనడం మొదలుపెట్టింది. ఆ మాట పుట్టించిన మనిషితో మాత్రం మాట్లాడదు.

నేను చేరాక వాళ్ళ రాయబారం నా నెత్తిన పడింది. ఇద్దరికీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా ఆయన నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఆవిడకి చెప్పు, ఈ కోటు రేపటికి కావాలి" అనేవాడు. అత్త సూది తీయకుండానే, "ఆయనకి చెప్పు, నాకు చెవులున్నాయని" అనేది. నేను మిషను ఆపి రెండు మాటలూ అటూ ఇటూ చేరవేసేదాన్ని. చెప్పకపోతే ఇద్దరికీ కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మళ్ళీ ఎవరైనా ఆ పని నాకు అప్పజెబితే పరిగెత్తుకుంటూ వెళ్తాను.

ఇలా ఉండగా పెద్దాయనకి మోకాళ్ళు పట్టేసి, షాపు ఆయన అల్లుడుగారి చేతికి వచ్చింది. చెడ్డవాడని అనను. కాని అంతకుముందు ఆయన చూసింది ఏదో పెద్ద గోడౌను, అక్కడ రోజూ సరుకు మాయమయ్యేదట. అక్కడి అనుమానాన్ని మూట కట్టుకుని మా షాపుకి వచ్చాడు. వచ్చీ రాగానే వెనక గుమ్మం దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టించాడు. హాల్లోకి ఎప్పుడో గాని దిగేవాడు కాదు. అందుకని మా భాష ఆయనకి పట్టుబడలేదు.

ఒక రోజు ఒక ప్లీడరుగారు తన నీలం కోటు కోసం వచ్చాడు. వాళ్ళ నాన్నగారి కోటుకి ఉన్న వెండి గుండీలు తీయించి కొత్త కోటుకి పెట్టించుకుంటున్నాడు. కౌంటరు వెనక ఉన్న అరల్లో ఎంత వెతికినా కోటు లేదు. ప్లీడరుగారు గొంతు పెంచాడు. అల్లుడుగారు గబగబా హాల్లోకి వచ్చి, నీలం కోటు ఏమైంది అని అడిగాడు.

అత్త తలెత్తలేదు. "నిన్ననే కాజేశానండీ" అంది.

"ఎవరు కాజేశారు?"

"నేనే. ఈ షాపులో ఏ కోటైనా నేనే కాజేయాలి, ఇంకెవరికి చేతనవుతుంది?"

ఆయన మొహంలో రంగు మారింది. ఇలా ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందని మెల్లిగా అడిగాడు. చేరిన రోజు నుంచీ బాబూ, చేతులు నొప్పి పుట్టేదాకా కాజేస్తూనే ఉన్నాను, పెద్దాయనకి అన్నీ తెలుసు అని ఈవిడ జవాబు. మేమందరం అక్కడే ఉన్నాం. ఒక్కరికీ తేడా తట్టలేదు. పైగా ఇస్త్రీ చేసే ఆయన, నిజమేనండీ, ఆవిడంత బాగా ఇంకెవరూ కాజేయలేరు అని తన వంతు నిప్పు రాజేశాడు.

కాసేపటికి అత్తని పైకి పిలిచారు. పైన జరిగింది ఆవిడ తరవాత నాకు చెప్పింది. అల్లుడుగారి బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది. కళ్ళద్దాలు కిందే వదిలేశాను, చదివి వినిపించండి అంది అత్త. ఆయన చదివాడు. నీలం కోటు నేనే కాజేశానని నా అంతట నేను అందరి ముందూ ఒప్పుకున్నాను, అని ఉంది. అందులో తప్పేముంది, నిజమే కదా అని మా అత్త పెన్ను చేతిలోకి తీసుకుంది. ఆయన తరవాతి వాక్యం కూడా చదవబట్టి సరిపోయింది. అందువల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను, అని ఉంది.

"కాజేస్తే రాజీనామా ఎందుకండీ?" అని అడిగిందట అమాయకంగా.

గొడవ చేయకుండా వెళ్ళిపోతే పోలీసుల దాకా వెళ్ళదని, ఆమె వయసుకి అంతకంటే మర్యాద చేయలేనని ఆయన అన్నాడు. పోలీసులు అన్న మాటతో అత్తకి వెలిగింది. పెన్ను కింద పెట్టేసింది. కాజేయడం అంటే మాలో అర్థం ఇదీ అని చెప్పబోయింది. మాట మార్చకండి, హాలంతా విన్నారు అన్నాడాయన. పాపం, ఆయన చెవితో వింటే అది మాట మార్చడమే.

కిందికి దిగి వచ్చిన అత్త మొహం చూసి నేను మిషను ఆపేశాను. వెనక గుమ్మం దగ్గర కాపలా మనిషి ఆవిడ సంచీ మీద చెయ్యి వేశాడు. అందరి సంచులూ చూస్తే నాదీ చూడు, నా ఒక్కదానిదే అయితే చెయ్యి తియ్యి అంది. అతను చెయ్యి తీశాడు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని పై నుంచి కబురు.

ఇంట్లో మా నాన్న, ఆవిడ తమ్ముడే కదా, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని బతిమాలాడు. పోనీ అక్కయ్యా, మేం లేమా, ఆ ఉద్యోగం వదిలేయ్ అని. అత్త కంచం పక్కకి నెట్టింది. "ఇప్పుడు మానేస్తే దొంగనని మానేసినట్టురా. వాళ్ళు తీసేస్తే దొంగనని తీసేసినట్టు. నేను మళ్ళీ ఆ స్టూలు మీద కూర్చోవాలి. ఆ తరవాత కావాలంటే మర్నాడే మానేస్తాను" అంది.

ఆవిడకి ఉద్యోగం కంటే దొంగన్న మాట మాసిపోవడం ముఖ్యం. పక్కింటావిడ బయటికి వెళ్ళినప్పుడల్లా తాళంచెవి మా అత్త చేతికి ఇచ్చి వెళ్ళేది. ఆ వారం ఆవిడ మా గుమ్మం దాటుకుని మూడో ఇంట్లో ఇచ్చి వెళ్ళింది. నిప్పు లేందే పొగ రాదు అనుకుని ఉంటుంది. అత్త కిటికీలోంచి చూసింది. చేతులు ఊరికే ఉంచలేక ఇంట్లో కనపడిన ప్రతి గుడ్డకీ కాజాలు వేయడం మొదలుపెట్టింది. తలగడ గలేబులకి, కర్టెన్లకి, నా చున్నీకి కూడా. గుండీల్లేని కాజాలు. ఇల్లంతా కళ్ళు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నట్టుండేది.

అది చూడలేక ఆవిడని లేబర్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడ జలుబుతో ముక్కు ఎగబీల్చుకుంటున్న ఒక ఉద్యోగిని మా గోడు విని, విసుక్కోకుండా చెప్పింది. ఆరోపణ ఏమిటో వాళ్ళు రాసి ఇవ్వాలి. జవాబు చెప్పుకోవడానికి మీకు వ్యవధి ఇవ్వాలి. విచారణకి ఒంటరిగా వెళ్ళొద్దు, తోటి పనివాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళే హక్కు మీకుంది. చదవనిదాని మీద, ఒప్పుకోనిదాని మీద సంతకం పెట్టొద్దు. మీరు దొంగ కాదని మీరు రుజువు చేయక్కర్లేదమ్మా, దొంగని వాళ్ళు రుజువు చేయాలి, అంది. ఆ ఆఖరి మాట అత్త మళ్ళీ చెప్పించుకుంది. బస్సులో ఇంటికి వస్తూ దాన్నే తనలో తను అనుకుంటూ కూర్చుంది.

వెంట ఎవరిని తీసుకెళ్తావని అడిగాను. నేనే వెళ్ళాలని నా ఆశ. ఇస్త్రీ ఆయన కూడా సిద్ధంగా ఉన్నాడు. అత్త, కత్తెర మాస్టారిని అడుగు, అంది.

మా నాన్న నెత్తి కొట్టుకున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అన్నాడు, ఆ సామెత అక్కడ వాడకూడదని తోచకుండానే. అత్త మాత్రం శాంతంగా చెప్పింది. మీరంతా నా వాళ్ళు, మీరు చెబితే నా వాళ్ళని చెప్పారంటారు. నేనంటే గిట్టదని ఆయన గురించి షాపులో గోడలకి కూడా తెలుసు. ఆయన నా కోసం అబద్ధం ఆడడు, నా మీద కూడా ఆడడు.

మర్నాడు మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన సుద్దముక్కతో ఒక గీత గీశాడు, దాన్ని తుడిచేశాడు, మళ్ళీ గీశాడు. ఆవిడకి చెప్పు, వస్తానని, అన్నాడు.

విచారణ పై గదిలోనే. పెద్దాయన కూడా చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు హాల్లో ఉన్నదాన్ని కాబట్టి నన్నూ సాక్షిగా పిలిచి గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టారు. అల్లుడుగారు ఆ రోజు తను విన్న మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నిజం చెప్పొద్దూ, అలా వరసగా వింటే మా అత్త గజదొంగలాగే ఉంది. అత్త వంతు రాగానే, నేను కాజేశానన్నది నిజమే, దొంగిలించానన్నది నిజం కాదు అని ఊరుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషి కాదు మరి.

అప్పుడు మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన అంత సేపు మాట్లాడ్డం నేనెప్పుడూ చూడలేదు.

"ఈవిడకీ నాకూ మాటల్లేవు. ఈవిడ మంచిదని చెప్పడానికి నేను రాలేదు, ఈవిడ నోరు మంచిది కాదు. కాని ఆ మాట ఈవిడది కాదు, నాది. ఈవిడ చేరిన రోజున ఏడిపించడానికి నేనే అన్నాను. కాజా వేస్తే కాజేయడం అని. అందరూ పట్టుకున్నారు. ఈవిడ ఆ రోజే బాధపడింది. నేను తప్పయిందని అనలేదు. నా వెధవ వేళాకోళానికి ఈవిడ ఉద్యోగం పోతే, నేను రేపటి నుంచి కత్తెర పట్టుకోలేను."

అందరూ కూడబలుక్కుని వచ్చారని అల్లుడుగారు అన్నాడు. మాస్టారు ఏదో అనబోయేలోపు పెద్దాయన లేచి, కర్ర పోటేసుకుంటూ మెట్ల దాకా నడిచి, కింద హాల్లోకి తొంగి చూసి, బడి పిల్లల చొక్కాలు ఏమయ్యాయర్రా అని కేకేశాడు. ఎందుకడుగుతున్నాడో కింద ఎవరికీ తెలియదు. మిషన్ల చప్పుడు మధ్యలోంచి జవాబు వచ్చింది. సగం కాజేశామండీ, మిగతా సగం సాయంత్రానికి కాజేసేస్తాం, మీరేం కంగారు పడకండి.

పెద్దాయన నవ్వీ నవ్వీ మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. అల్లుడుగారు నవ్వలేదు. మాట సంగతి సరే, మరి కోటేదీ అన్నాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. అత్త లేచింది. "అది కనిపెట్టాల్సింది మీరండీ. నా సూది దాటాక కోటు ఇస్త్రీకి వెళ్తుంది, తరవాత అరలోకి, తరవాత కౌంటరుకి. మీరు నా దగ్గరే ఆగిపోయారు" అంది. రుజువు లేదు కాబట్టి ఆవిడ రేపటి నుంచి పనిలోకి రావాలని పెద్దాయన తేల్చేశాడు.

అల్లుడుగారు అక్కడే, తలుపు వేసి ఉండగా, పొరపాటైందన్నాడు. నేనైతే దానికే పొంగిపోయేదాన్ని. అత్త తల అడ్డంగా ఊపింది. "నన్ను కింద అందరి ముందూ అడిగారు. ఈ మాట కూడా కింద అందరి ముందే చెప్పండి" అంది.

ఆయన దిగి వచ్చాడు. ఇష్టంతో వచ్చాడో మామగారి కళ్ళకి జడిసి వచ్చాడో, వచ్చిన మాట నిజం. మిషన్లు ఆపించి, ఆవిడ మీద నేను వేసిన నింద తప్పు అన్నాడు. వినపడీ వినపడనట్టు ఏమీ అనలేదు, గట్టిగానే అన్నాడు. ఆ ఒక్కదానికి ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

అత్త వెళ్ళి తన స్టూలు మీద కూర్చుంది. ఇత్తడి టోపీ వేలికి పెట్టుకుంది. నేను మామూలుగా మిషను వదిలి రాయబారానికి సిద్ధమయ్యాను. కాని ఆవిడ నా వైపు చూడనే లేదు. నేరుగా ఎదురు బల్ల వైపు చెయ్యి చాపి, "మాస్టారూ, ఆ కోటు ఇటివ్వండి, కాజేయాలి" అంది. మాస్టారు కోటు అందించాడు. మైనం మీద దారం చప్పుడు వినపడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజుతో నా రాయబారం ఉద్యోగం మాత్రం ఊడిపోయింది.

కోటు చలి మొదలయ్యాక దొరికింది. ఒక డాక్టరుగారు కోటు చంకలో పెట్టుకొచ్చి, చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయని మా షాపుని తిట్టిపోశాడు. కౌంటరులో ఆయన నీలం కోటుకి బదులు ప్లీడరుగారి నీలం కోటు ఇచ్చేశారు, ఆయన విప్పి చూసుకోకుండా బీరువాలో తగిలించేశాడు. వెండి గుండీలు అలాగే ఉన్నాయి. ఆ కబురు తెలిసిన సాయంత్రం పక్కింటావిడ నవ్వు మొహంతో తాళంచెవి పట్టుకుని వచ్చింది. అత్త తీసుకోలేదు. కోటు దొరికాక నమ్మినవాళ్ళు నన్ను నమ్మినట్టు కాదు, కోటుని నమ్మినట్టు, అంది నాతో లోపలికి వచ్చాక. రెండు రోజులు బెట్టు చేసి మూడో రోజు తీసుకుంది. పక్కిల్లు కదా, ఎన్నాళ్ళని.

ఇప్పుడు ఆ షాపు లేదు. పెద్దాయన తరవాత అల్లుడుగారు అమ్మేశాడు. ఆ హాల్లో ఫోన్లు అమ్ముతున్నారు. మొన్న అటు వెళ్తూ సందులోకి తొంగి చూశాను. వెనక గుమ్మం దగ్గర అమ్మాయిలు సంచులు తెరిచి పట్టుకుని వరసలో నిలబడ్డారు, ఒకడు కర్రపుల్లతో లోపల కెలుకుతున్నాడు. ఏం పోయిందని ఒక అమ్మాయిని అడిగాను. ఏమీ పోలేదండీ, రోజూ ఇంతే అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేబర్ ఆఫీసు ఏ వీధిలో ఉందో చెప్పి వచ్చాను. వెళ్తుందో లేదో తెలియదు.

ఇద్దరూ పని మానేశాక మాస్టారు మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, మధ్యవర్తి లేకుండా హాయిగా పోట్లాడుకునేవారు. ఇన్నాళ్ళూ మాట్లాడకుండా దాచుకున్నవన్నీ వాళ్ళకి ఖర్చు పెట్టాలి కాబోలు. ఆయన తన కోసం ఒక బూడిదరంగు కోటు కత్తిరించి, కుట్టించి, కాజాలకి అత్త చేతికి ఇచ్చాడు. అప్పటికే ఆవిడ వేళ్ళు వంకర తిరిగాయి. ఒక కాజా పూర్తవడానికి ఎన్ని రోజులు పట్టేదో. ఆయన తొందర పెట్టేవాడు కాదు. కాజేశారా అని అడిగేవాడు, ఇంకా లేదు అనేది ఈవిడ, ఆ వంకన మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

అత్త పోయేనాటికి ఆ కోటుకి కింద ఒక్క కాజా మిగిలింది. సుద్దగీత ఉంది, చిల్లు పెట్టలేదు.

జనం అంతా వెళ్ళిపోయాక మాస్టారు వచ్చి, కిటికీ దగ్గర తన చోటులోనే కూర్చున్నాడు. నేను కోటు తెచ్చి ఇచ్చాను. మిగిలినది నేను వేసిస్తానండీ, అత్త నేర్పింది నాకు, అన్నాను. ఆయన ఆ సుద్దగీత మీద బొటనవేలు పెట్టి, చెరిగిపోకుండా పైపైన నిమిరాడు. తరవాత కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని, పాత రోజుల్లోలాగే నా వైపు తిరిగాడు.

"వద్దమ్మాయ్. ఆవిడకి చెప్పు, ఇది ఇలాగే ఉంటుందని."

చెప్తానండీ, అన్నాను.